విశ్వాస మైత్రి: గుత్తిలో అజరయ్య స్మారకోపన్యాసము



దోర్నకల్ బిషప్పుగా జీవించి 1945వ సంవత్సరము జనవరి 1వ తేదీన కన్నుమూసిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారి స్మృతికి అంకితమైన ఉపన్యాసమును దోర్నకల్లులో గాని, ఆయన జన్మించిన తిరునల్వేలి సీమలో గాని చేయక, ఈ అనంతపురపు మెట్టనేలలో, గుత్తిలో చేయుట యేల యని కొందరికి సందేహము కలుగవచ్చును. ఆయన ఆంగ్లికన్ సంప్రదాయమునకు చెందినవారు. గుత్తి సంఘమును నాటినవారు లండన్ మిషనరీ సొసైటీవారు, అనగా బిషప్పుల పరిపాలన నెరుగని స్వతంత్ర సంఘముల సంప్రదాయమున పెరిగినవారు. ఈ రెండు సంప్రదాయములును మరికొన్నింటితో కూడి 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులోని సెయింట్ జార్జి కథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘముగా ఏకమైనవి. ఆ ఐక్యతకు తొలి ప్రకటన వెలువడినది 1919 మే మాసమున తరంగంబాడిలో. అచ్చట కూడిన 33 మంది సభకు అధ్యక్షత వహించినవారు అజరయ్యగారు. తాను నాటిన చెట్టు ఫలించుటకు రెండు సంవత్సరములు ముందుగనే ఆయన గతించిరి. ఆ ఫలమును మనము నేడు గుత్తిలో భుజించుచున్నాము గనుక ఆయనను స్మరించుట మనకు ఋణము తీర్చుకొనుటయే యగును.

ఆయన చేసిన పనులు అనేకములు. 1903లో పాలయంకోటలో తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీని, 1905 డిసెంబరు 25వ తేదీన శ్రీరాంపురమున జాతీయ మిషనరీ సంఘమును స్థాపించినవారిలో ఆయన ముఖ్యులు. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్ కథీడ్రలులో అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘమునకు తొలి భారతీయ బిషప్పైరి. తమిళుడై పుట్టియు తెలుగు నేర్చి, తెలుగు పల్లెలలోని నిరుపేదల నడుమ తన ఆయుష్షును వెచ్చించిరి. ఈ సంగతులను చరిత్రకారులు విస్తరించి వ్రాసియున్నారు. నేను ఈ సాయంకాలము మాటలాడ దలచినది ఆయన నిర్మించిన సంస్థలను గూర్చి గాదు; ఆయన 1910లో, ముప్పదియైదేండ్ల ప్రాయమున, ఎడింబరో నగరమున నిలువబడి పడమటి దేశముల క్రైస్తవులను అడిగిన దానిని గూర్చి. ఆయన ధనము నడుగలేదు, పాఠశాలల నడుగలేదు, మరికొందరు బోధకులను పంపుడని అడుగలేదు. స్నేహితులు కావలెనని అడిగిరి.

ఆ జూన్ మాసమున అచ్చట జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు సుమారు 1,200 మంది ప్రతినిధులు వచ్చిరి. వారిలో ఆసియా ఖండవాసులు ఇరువదిమందికి మించరు. అట్టి సభలో, తమకు సువార్త నందించినవారి యెదుట నిలిచి, ఒకే సంఘమున ఏండ్ల తరబడి సేవచేయుచున్నను దొరయు దేశీయ సేవకుడును ఒకరి ఇంట ఒకరు అడుగుపెట్టుట గాని, ఒక బల్లయొద్ద కూర్చుండి భుజించుట గాని అరుదుగా నున్నదని ఆయన చెప్పిరి. మిషనరీల త్యాగమును ఆయన తక్కువ చేయలేదు. ఆ త్యాగమునకు ఈ దేశపు సంఘము యుగయుగములు కృతజ్ఞత చూపునని ఒప్పుకొనియే, దానికి మించినది యొకటి ఇంకను మాకు రాలేదని అనిరి. సభికులలో కొందరు నొచ్చుకొనిరి. నొచ్చుకొనుటలో ఆశ్చర్యము లేదు. బిడ్డలను విదేశపు మట్టిలో పాతిపెట్టి, తాము సైతము ఈ మట్టిలోనే కలిసిపోయినవారు మేము ప్రేమించలేదా యని అడిగినచో ఎవరు బదులు చెప్పగలరు? అయినను అజరయ్యగారు చూపిన లోటు నిజమైనది. పైనుండి క్రిందికి ప్రవహించు ప్రేమ ఒకటి కలదు. అది ఎంత గొప్పదైనను దయ యనిపించుకొనునేగాని స్నేహ మనిపించుకొనదు.

దీనికి నిదర్శనము గుత్తివారికి దూరమున వెదుకనక్కరలేదు. 1827 జూలై 6వ తేదీన పత్తికొండలో కలరాతో మరణించిన సర్ థామస్ మన్రోను తొలుత పాతిపెట్టినది ఈ గుత్తిలోనే. కొంతకాలమునకు ఆయన అస్థులను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ దేవాలయమునకు కొనిపోయిరి. రైతుల భాషలు నేర్చి, డేరాలలో బసచేసి, వారి మొర లాలకించిన ఆ దొరపై గల అభిమానముచేత ఈ సీమవారు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. అంతటి ప్రజాభిమానము చూరగొన్న పాలకులు మిక్కిలి అరుదు. కాని తన దుఃఖమును మన్రోతో చెప్పుకొన్న రైతు ఉండవచ్చును గాని, తన దుఃఖమును రైతుతో చెప్పుకొన్న మన్రో ఉన్నాడా? ఒకవైపునుండియే దుఃఖము నడచినచోట ఉపకారము జరుగును. రెండువైపులనుండి నడచినచోటనే స్నేహము పుట్టును. అజరయ్యగారు అడిగినది ఈ రెండవదానిని. నమ్మకమునకు ముందు సమానత్వము కావలెననుట నేడు నేను మీకు విన్నవింప దలచిన ప్రధానవిషయము.

ఆయన అడిగినది తాను రుచి చూడనిదియు గాదు. అమెరికా దేశస్థుడగు షెర్వుడ్ ఎడ్డీయు, అజరయ్యగారును వై.ఎం.సి.ఏ. కార్యదర్శులుగా యౌవనమునందే కలిసి పనిచేసి, కలిసి ప్రయాణము చేసి, కలిసి ప్రార్థించినవారు. 1902లో అజరయ్యగారు యాళ్ప్పాణమునకు (జాఫ్నాకు) పోయి, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ సొంత కానుకలతో సువార్తసేవ నడుపుట చూచి, మా తిరునల్వేలి సంఘ మేల యీ పని చేయరాదని పరితపించిన ఫలితమే మరుసటి యేట పుట్టిన ఇండియన్ మిషనరీ సొసైటీ. తరంగంబాడిలో సంఘైక్యతను గూర్చి ఆలోచించుటకు కూడిన ఆ కొద్దిమందిలోను ఎడ్డీ యుండెను. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్, మిషనరీలలో పలువురు ప్రతిఘటించినను వెనుదీయక, ఒక భారతీయుని బిషప్పుగా నిలుపుటకు పట్టుబట్టిన వాడు. ఇట్టి స్నేహితులు వెనుక లేనిదే అజరయ్యగారు ఎడింబరోలో ఆ మాట పలికియుండగలరా యని నాకు అనుమానము. స్నేహము లేనివాడు ఫిర్యాదు చేయును. స్నేహము నెరిగినవాడు మాత్రమే స్నేహమును అడుగగలడు.

తరంగంబాడిలో కూడిన ఆ కొద్దిమంది నడుమ పరస్పర విశ్వాసము ముందుండెను. ప్రకటన పిమ్మట వచ్చెను. అయినను ఆ ప్రకటననుండి ఐక్యసంఘము పుట్టుటకు 28 సంవత్సరములు పట్టెను. పుట్టిన పిమ్మటయు మన పొరుగుననే, నంద్యాల ప్రాంతమున, ఆంగ్లికన్ విశ్వాసులలో పెక్కుమంది ఆ ఐక్యతలో చేరక దీర్ఘకాలము వేరుగా నిలిచిరి. ఎవరిది తప్పని నిర్ణయించుట నా పని గాదు. కాని పెద్దల సమావేశములలో కుదిరిన ఐక్యత పల్లెలలోని మనుష్యుల నడుమ అంతకుముందే స్నేహముగా నాటుకొననిచో, కాగితముపై నున్నది నేలపైకి దిగుట ఎంత కష్టమో రాయలసీమ సంఘచరిత్ర మనకు చూపుచున్నది.

తెలుగు దేశమున క్రైస్తవసేవ మొదలైన రీతిని చూచినను ఈ సత్యమే కానవచ్చును. లండన్ మిషనరీ సొసైటీ తెలుగువారి నడుమ కాలూనినది 1805లో, విశాఖపట్టణమున. జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్‌గ్రాంజెస్ అను ఇద్దరు యువకులు అచ్చటికి వచ్చిరి. బ్రాహ్మణకులమున పుట్టి క్రైస్తవుడైన ఆనందరాయరు వారితో చేరి, సువార్తల తెలుగు అనువాదమున వారికి కుడిభుజమై నిలిచెను. క్రాన్ 1809లోను, డెస్‌గ్రాంజెస్ 1810లోను మరణించిరి; వారి శ్రమ మాత్రము 1812లో శ్రీరాంపురమున అచ్చయి వెలువడెను. భాష నేర్పువాడును, నేర్చువాడును ఒకే వ్రాతబల్లకు ఇరువైపుల కూర్చుండినచోట దొరతనము కొంతసేపైనను ప్రక్కకు తొలగక తప్పదు. ఆ సొసైటీయే 1810లో బళ్ళారికి, 1822లో కడపకు, పందొమ్మిదవ శతాబ్దపు చివరి పాదమున గుత్తికిని వచ్చినది. మన సంఘపు వంశవృక్షమునకు మూలమున నున్నది ఒక మహాసభ గాదు, మువ్వురు మనుష్యులు.

ఇంతకంటె స్పష్టమైనది ఒంగోలు కథ. అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషను ఫలింపక, దానిని మూసివేయుదమా యని 1853లో వారి స్వదేశమున చర్చ జరిగెను. ఆ మరుసటి సంవత్సరము, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, లైమన్ జ్యూయెట్ దొరయు, ఆయన భార్యయు, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూత్ అను తెలుగు విశ్వాసులు మువ్వురును ఒంగోలు ప్రక్కనున్న కొండ యెక్కి ప్రార్థించిరి. ఆ కొండకు ప్రార్థన కొండ యని పేరు నిలిచినది. అయిదుగురు! వారిలో మువ్వురు ఈ దేశపువారు, ముగ్గురు స్త్రీలు. సంఘచరిత్రలు జ్యూయెట్ పేరును పెద్ద అక్షరములతో వ్రాయును గాని, జూలియా, రూత్, నర్సులు ఆ చలిలో ఎందుకు కొండ యెక్కిరో ఆలోచించువారు తక్కువ. జీతము కొరకైనచో క్రిందనే యుండవచ్చును. మూసివేత భయము నీడవలె వెంటాడుచున్న ఆ పనిలో, ఒకరి నిరాశను ఒకరు ఎరిగియుండియు, కలిసి ఒకే కోరికను దేవుని యెదుట పెట్టుటకు వారు ఎక్కిరి.

ఆ ప్రార్థనకు బదులు వెంటనే రాలేదు. అదే మిషనుకు చెందిన జాన్ క్లౌ దొర ఒంగోలులో స్థిరపడినది 1866లో. అంతకు ముందే యేసును గూర్చి విని వెదకుచుండిన యెర్రగుంట్ల పెరయ్య ఆ సంవత్సరమే బాప్తిస్మము పొందెను. ఆయనయు, ఆయన భార్య నాగమ్మయు తమ బంధువులు, తమతో తోళ్ళ వ్యాపారము చేయువారు, ఒకప్పుడు తమతో యోగమార్గమును వెదకినవారు, వీరందరి గడపలకు పోయి చెప్పిరి. 1876-78 నాటి ధాత కరువు ఈ దక్షిణాపథమునంతటిని, బళ్ళారి జిల్లాలో భాగమైయుండిన మన గుత్తి సీమతో సహా, పీల్చి పిప్పిచేసినప్పుడు క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో మూడు మైళ్ళ పని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. లోకము జ్ఞాపకముంచుకొన్నది ఈ సంఖ్యను. నేను జ్ఞాపకముంచుకొనుడని వేడుకొనునది దానికి ఇరువది నాలుగేండ్లు ముందున్న ఆ అయిదు అను సంఖ్యను.

ఇట్టిదే మరియొకటి ఆఫ్రికా ఖండమున జరిగెను. 1929లో ఉగాండాలోని కంపాలా నగరమున జో చర్చ్ అను ఆంగ్లేయ వైద్యుడును, సిమియోని న్సిబాంబి అను ఆ దేశస్థుడును కలిసి రెండు దినములు వాక్యము చదివి ప్రార్థించిరి. తెల్లవాడును నల్లవాడును తమ లోపములను ఒకరి యెదుట ఒకరు ఒప్పుకొనుట ఆ కాలమున వినని వింత. తూర్పు ఆఫ్రికా దేశముల సంఘములను కొన్ని దశాబ్దములపాటు కదిలించిన ఉజ్జీవమునకు అది యొక ఆరంభము. అజరయ్యగారు ఎడింబరోలో అడిగినది ఇరువదేండ్ల తరువాత మరియొక ఖండమున ఒక చిన్న గదిలో జరిగినది.

ఇక మన సంగతి. మన సంఘములలో కూటములకు కొదువ లేదు. ఆదివారపు ఆరాధన యున్నది, శుక్రవారపు ఉపవాస ప్రార్థన యున్నది, ఇంటింటి ప్రార్థనలున్నవి, స్త్రీల కూటము, యౌవనుల కూటము, ఏటేట ఉజ్జీవసభలు, మైకులు, పందిళ్ళు ఉన్నవి. కాని ఈ కూటములన్నింటికిని తప్పక వచ్చు ఒక విశ్వాసిని ప్రక్కకు పిలిచి, నీ మనస్సులోని అసలు బాధను ఎవరితో చెప్పుకొందు వని అడిగినచో, ఎందరు ఒక పేరు చెప్పగలరు? సాక్ష్యము చెప్ప లేచినవాడు గడచిన కష్టమును చెప్పును. గడచుచున్న కష్టమును చెప్పడు. ప్రార్థన మనవి యడిగినచో కుటుంబ క్షేమము కొరకు అనును. ఆ కుటుంబ క్షేమమను రెండు మాటల క్రింద కొడుకు త్రాగుడు, కోడలి కన్నీరు, బ్యాంకు నోటీసు, వైద్యుడు చెప్పిన రోగము పేరు, అన్నియు మూతవేయబడి యుండును. వానిని మనము నిందింపరాదు. తెరచి చెప్పినచో ఏమగునో వాడెరుగును.

ఏమగును? మన సంఘములలో అందరు ఒకరికొకరు బంధువులు. ఇది మన బలమును, బలహీనతయు. పెరయ్య నాటినుండి సువార్త బంధుత్వపు బాటనే నడచినది గనుక బంధుత్వమును నేను తక్కువ చేయను. కాని బంధువునకు చెప్పినది సాయంకాలమునకు అత్తవారింటికిని, మరునాటికి వియ్యాలవారింటికిని చేరును. అమ్మాయి సంబంధము చెడును, అన్నదమ్ముల భాగపు తగవు ముదురును. బంధువు వచ్చి నిలుచును, భోజనము పెట్టును, శవమును మోయును. రహస్యమును మాత్రము మోయలేడు. అందుకు బంధుత్వమునకు అవతలనుండి, వీథికి అవతలనుండి, కొన్నిచోట్ల కులమునకు అవతలనుండి ఒక స్నేహితుడు కావలెను. దోర్నకల్ సీమలో మాల మాదిగ భేదము సంఘములోనికి చొరబడి యుండుట చూచి అజరయ్యగారు దానితో జీవితాంతము పోరాడిరి. ఆ భేదము మన సంఘములలో నేటికిని సమసిపోలేదని మీకు తెలియును, నాకును తెలియును. ఒకే పాత్రలోని ద్రాక్షారసమును పుచ్చుకొని, ఇంటికి పోయినపిమ్మట ఒకరి ఇంట ఒకరు నీరు త్రాగుటకు సంకోచించువారు ఒకరికొరకు ఒకరు ఏమి ప్రార్థింపగలరు?

ఈ నేలపై ఇట్టి స్నేహమునకు గల అవసరము ఇతర సీమలకంటె అధికము. ఏడాదికి అయిదువందల యేబది మిల్లీమీటర్ల వాన. అదియు అదను తప్పి కురియును. వేరుశనగ విత్తినవాడు ఆకాశమువైపు చూచుచు అప్పులవాని కంటబడక తిరుగును. ఒక బోరు ఎండిపోయినచో దాని అప్పు తీర్చుటకు మరియొక బోరు వేయును. పిమ్మట బెంగుళూరుకు వలస, తలుపునకు తాళము, ముసలివారు, పసివారు ఇంట మిగులుదురు. తనువు చాలించిన రైతుల కథలు ఈ జిల్లాకు క్రొత్తవి గావు. వారి కుటుంబములనుండి మరల మరల వినవచ్చు మాట యొకటే: ఆ మనిషి ఎవరితోను ఏమియు అనలేదు. గుత్తికోట చరిత్ర ఎరిగిన మీకు వేరే చెప్పనేల? 1776లో హైదరాలీ ముట్టడించినప్పుడు మురారిరావు ఆ కొండపై నెలల తరబడి నిలిచెను. గోడలు కూలి గాదు, కొండపై నీరు తరిగి కోట లొంగిపోయెను. మనిషియు బయటి దెబ్బకంటె లోపల ఎండిపోవుటచేతనే త్వరగా లొంగిపోవును.

గ్రంథము ఈ విషయమున మనకు బోధించునది సిద్ధాంతములతో గాదు, మనుష్యులతో. పక్షవాయువు గలవానిని మోసికొనివచ్చిన నలుగురి కథను మీరందరు ఎరుగుదురు. పాశ్చాత్యులకు ఇంటికప్పు విప్పుట విచిత్రముగా తోచునేమోగాని, మన సీమలోని మట్టి మిద్దెల నెరిగినవారికి ఆ సంగతి కన్నులకు కట్టినట్లుండును: మెట్లెక్కి మిద్దెపైకి పోవుట, మట్టి పెళ్ళగించుట, క్రింద కూర్చున్నవారి తలలపై దుమ్ము రాలుట, ఇంటి యజమాని కేకలు. ప్రభువు చూచినది ఆ నలుగురి విశ్వాసమును. రోగి ప్రార్థించినట్లు అచ్చట వ్రాయబడియుండలేదు. ప్రార్థింపలేని స్థితిలో ఉన్నవాని తరఫున వారు నమ్మిరి. యోబు స్నేహితులను మనము సాధారణముగా నిందింతుము. కాని వారు మొదటి ఏడు దినములు నేలపై కూర్చుండి నోరు మెదపకుండిరి. ఆ ఏడు దినములు వారు ఉత్తమ మిత్రులు. నోరు తెరచి కారణములు చెప్ప మొదలుపెట్టిన పిమ్మటనే చెడిరి. గెత్సేమనేలో ప్రభువే మువ్వురిని వెంటబెట్టుకొనిపోయి, తన ప్రాణము ఎంత దుఃఖపడుచున్నదో వారితో చెప్పుకొనెను. వారు నిద్రపోయిరి. నిద్రపోవువారని ఎరిగియు పిలిచెను. దేవకుమారుడే తన వేదనలో మనుష్యులు ప్రక్క నుండవలెనని కోరినప్పుడు, నాకు ఎవరును అక్కరలేదు, దేవుడొక్కడే చాలునను మన మాటలో భక్తికంటె గర్వమే ఎక్కువ కలదని నా యభిప్రాయము.

అట్టి స్నేహమును కట్టుకొనుట ఎట్లు? ఇద్దరో మువ్వురో చాలును. అయిదుగురు దాటినచో అది కూటమగును, కూటమున మనిషి మరల వేషము వేసికొనును. పద్దెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండులో జాన్ వెస్లీ తన అనుచరులను చిన్న చిన్న బృందములుగా కూర్చి, వారు వారమునకొకసారి తమ ఆత్మస్థితిని దాపరికము లేక చెప్పుకొనవలెనని నియమించుటలో ఈ వివేకమే కలదు. వారమున ఒక గంట, నియమిత దినము, ఒకరి ఇంట. మొదట మాట, పిమ్మట ప్రార్థన. మాట లేని ప్రార్థన ఎవరి కొరకో తెలియని ప్రార్థన. మొదటినాడే అంతయు చెప్పుకొనవలెనని తొందరపడరాదు. చిన్న సంగతి చెప్పి అది ఎచ్చటికి పోవునో చూచిన పిమ్మటనే మనిషి పెద్ద సంగతి చెప్పును. ఆ పరీక్ష న్యాయమైనదే. ఒక్క విషయమున మాత్రము మెత్తదనము పనికిరాదు. చెప్పినది బయటికి పోరాదు. మన సంఘములలో చాడీ ప్రార్థన మనవి వేషమున తిరుగుట మీరు చూచియుందురు: ఫలానా సోదరి కొరకు ప్రార్థింపుడు, ఆమె భర్త... అని మొదలై, ప్రార్థనకు ముందే సంగతి ఊరంతయు పాకును. దేవునికి పేరు చెప్పుటకు మనుష్యులకు కథ చెప్పనక్కరలేదు. స్నేహితుని మాటను అతని యనుమతి లేక భార్యతో సైతము చెప్పరాదు.

అప్పును గూర్చి ఒకమాట చెప్పక తప్పదు. కరువు సీమలో ప్రార్థనా మిత్రుల నడుమ తొలి చీలిక అచ్చటనే పుట్టును. చేబదులు ఇచ్చినవాడు మరునాటినుండి సమానుడుగా కూర్చుండడు. పుచ్చుకొన్నవాడు కూటమునకు రాక తప్పించుకొని తిరుగును. ఈయగలిగినంత ఈయుడు, తిరిగివచ్చునను ఆశ లేక ఈయుడు. అంతకు మించినది అవసరమైనచో సంఘపు కానుకనుండియో, పొదుపు సంఘమునుండియో, బ్యాంకునుండియో ఇప్పించుటకు తోడుగా నడువుడు. అప్పుల లెక్క కాగితముపై వ్రాసికొనుటకు కూర్చుండి సహాయము చేయుట పెద్ద సహాయము. ఎంత బాకీ యున్నదో తనకే స్పష్టముగా తెలియక భయముతో నలిగిపోవువారు మన నడుమ అనేకులు.

సోదరీమణులారా, ఈ విషయమున మీరు పురుషులకంటె ముందున్నారు. పురుషులు వర్షమును గూర్చి, ఎన్నికలను గూర్చి గంటలు మాటలాడి, తమను గూర్చి ఒక్కమాట చెప్పుకొనక ఇంటికి పోవుదురు. స్త్రీలు పొలముగట్టున, కుళాయి వద్ద, మైత్రి కూటము ముగిసిన పిమ్మట తలుపు దగ్గర నిలువబడి చెప్పుకొందురు. ఆ తలుపు దగ్గరి మాటలే నిజమైన కూటము. కాని భర్త చేతి దెబ్బలు తినుచున్న సోదరిని ఓర్చుకొనుము, ప్రార్థించెదమని చెప్పి పంపివేయుట స్నేహము గాదు. ప్రాణభయ మున్నచోట ప్రార్థన ఆమెను క్షేమమైన ఇంటికి చేర్చుటతోను, చట్టపు సహాయము చూపుటతోను కలిసియే యుండవలెను. చనిపోవలెనని యున్నదని నోరువిడిచి అన్నవాని మాటను రహస్యముగా దాచరాదు. ఆ రాత్రి ఒంటరిగా విడువక, తెల్లవారగనే వైద్యుని యొద్దకు తోడుకొని పోవలెను. రహస్యము కాపాడుట ప్రాణము కాపాడుటకే గాని ప్రాణము పోగొట్టుటకు గాదు.

సంఘ కాపరులను గూర్చి చెప్పకున్న ఈ ఉపన్యాసము అసంపూర్ణము. సంఘములో మిక్కిలి ఒంటరివాడు తరచుగా కాపరియే. అందరి దుఃఖమును వినును. తన దుఃఖమును ఎవరితో చెప్పును? పెద్దలతో చెప్పినచో సంఘ సమావేశమున ఎత్తిచూపుదురేమో యను శంక; తోటి కాపరితో చెప్పినచో బదిలీల కాలమున అది అడ్డు వచ్చునేమో యను శంక; ఇంటిలో చెప్పినచో ఇల్లాలు బెంగపడును. కొన్ని యేండ్లకొకమారు ఊరు మారును గనుక వేరు పట్టిన స్నేహము ఊడిపోవును. ప్రసంగవేదిక ఎంత ఎత్తున నుండునో దానిపై నిలుచువాడు అంత దూరమగును. అయ్యగారూ అని పిలుచుట గౌరవమే. ఆ పిలుపు వెనుక ఆయన మనిషి యను సంగతి మరుగుపడరాదు. ఎడింబరోలో అజరయ్యగారు దొరలను అడిగినదానిని నేడు సంఘము తన కాపరికిని, కాపరి తన సంఘమునకును ఇచ్చుకొనవలసియున్నది. తన ఉపదేశకునితో సమానముగా కూర్చుండి, నా ప్రార్థన ఎండిపోయినది, నాకొరకు నీవు ప్రార్థింపుమని అడుగగల కాపరి యున్నచోట సంఘము బ్రతుకును.

స్నేహితుడు ఓదార్చుటకు మాత్రమే గాదు, తప్పు చూపుటకును. ఈ రెండవ పని మొదటిదానికంటె కష్టము. దానిని చేయు హక్కు కష్టకాలమున ప్రక్కన కూర్చున్నవానికే కలదు. మరియు ఇట్టి మైత్రి తనలో తాను మూసికొని, మేము నలుగురమే భక్తులమను ముఠాగా మారునేని అది సంఘమునకు చేటు. దానికి మందు సులభమైనది: ఏడాదికొకమారైనను ఒక క్రొత్తవానిని, అందులోను ఎవరును పలుకరింపని వానిని, చేర్చుకొనుట.

గుత్తి సంఘపు పెద్దలకు, ఈ సీమలోని సంఘములన్నింటికిని నా మనవి యిది. రాబోవు ఆగమనకాలమునకు ముందుగా మీలో ప్రతివాడును తన బంధువు గాని వానిని, తన వీథివాడు గాని వానిని, సాధ్యమైనచో తన కులమువాడు గాని వానిని ఒక్కనిని ఎంచుకొని, అతని యింటికి తానే పోయి, అతడు పెట్టినది తిని, వారమున ఒక గంట కలిసి కూర్చుండుటకు మాట యిచ్చుకొనుడు. సభలో చేతులెత్తి తీర్మానము చేయనక్కరలేదు, నివేదికలో వ్రాయనక్కరలేదు, ఎవరెవరు కలిసికొనుచున్నారో లెక్క అడుగనక్కరలేదు. కాపరిగారిని కూడ అట్లే పిలువుడు. బెంగుళూరునకు వలసపోయిన వారి ఇండ్లలో మిగిలియున్న ముసలివారి తలుపులను మొదట తట్టుడు.